చిబా పట్టణము: అకాల వృద్ధాప్యము, మాతృత్వము

జపాను రాజధాని టోక్యోలో సోబు లైను రైలు ఎక్కి తూర్పు దిక్కుగా 40 నిమిషములు ప్రయాణము చేస్తే చిబా పట్టణము వస్తుంది. మన వైపు వారికి ఈ పేరు అంతగా తెలియదు. జపాను వారికి మాత్రము చిబా అనగానే వేరుశెనగ గుర్తుకు వస్తుంది. ఆ దేశములో పండే వేరుశెనగలో అధిక భాగము ఈ జిల్లాదే. 2024 అక్టోబరులో నేను అక్కడికి వెళ్లినప్పుడు, పీకిన చెట్లను చేలలోనే గుండ్రని కుప్పలుగా పేర్చి గాలికి ఆరబెట్టి ఉండుట చూచాను. ఆ కుప్పలను వారు బొచ్చి అంటారు. ఉప్పునీట ఉడికించిన పచ్చికాయలు అంగళ్లలో పొట్లములుగా అమ్ముచున్నారు. అనంతపురము జిల్లా వారు అక్కడ నిలబడితే సొంత ఊరి సంతకు వచ్చినట్లే ఉంటుంది.

పట్టణములో మరొక వింత, వేలాడే రైలు. పట్టాలు పైన, పెట్టెలు క్రింద. మన తలలకు పైగా, వీధి మీదుగా, గబ్బిలమువలె వేలాడుతూ పోతుంది. దాని దారి పొడవు 15.2 కిలోమీటర్లు. ఇటువంటి రైళ్లలో ప్రపంచమంతటిలో ఇదే పొడవైనదని 2001లో గిన్నిసు పుస్తకములో చేర్చారు.

నేను ముప్పై యేండ్లు మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరు అయినదానను. మా అమ్మాయి, అల్లుడు టోక్యోలో ఉద్యోగము చేయుచున్నందున వారిని చూడబోయాను. "అమ్మా, ఇంకా ఏమి చూస్తావు?" అని అమ్మాయి అడిగితే, చిబా చూపించమన్నాను. వేరుశెనగ కొరకు కాదు, వేలాడే రైలు కొరకు కాదు. ఎన్నో యేండ్లుగా పుస్తకములలో చదివిన ఒక జబ్బుకు ఆ ఊరిలోనే పెద్ద వైద్య కేంద్రమున్నది. ఆ ఊరిని ఒకసారి కండ్లార చూడవలెనని ఆశ.

ఇనొహానా కొండ

చిబా స్టేషను నుండి బస్సులో పావుగంట పోతే ఇనొహానా అను చిన్న కొండ వస్తుంది. పూర్వము చిబా వంశపు దొరల కోట ఉండిన చోటు అది. ఇప్పుడు అక్కడ కనిపించే కోట బురుజు 1967లో కట్టినది. లోపల మ్యూజియము ఉన్నది. ఆ కొండమీదనే చిబా విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల, దాని పెద్దాసుపత్రి ఉన్నవి. ఈ కళాశాల మూలము 1874లో చిబాలో స్థాపింపబడిన ఒక చిన్న ఆసుపత్రి.

మేము ఆసుపత్రిలోనికి పోయి రోగులను చూడలేదు. అది చూడతగిన వింత కాదు గదా. చెట్ల క్రింద బల్లమీద కూర్చుండి, వచ్చేవారిని పోయేవారిని చూస్తూ, మా అమ్మాయికి ఆ జబ్బు సంగతి వివరించాను. ఇప్పుడు మీకును అదే చెప్పుచున్నాను.

దాని పేరు వెర్నర్ సిండ్రోమ్. 1904లో జర్మనీ దేశములోని కీల్ పట్టణములో ఆటో వెర్నర్ అను యువ వైద్యుడు తన పట్టా కొరకు వ్రాసిన గ్రంథములో ఒకే కుటుంబములోని నలుగురు తోబుట్టువులను గూర్చి వివరించాడు. చిన్న వయస్సులోనే వారి కండ్లకు శుక్లములు వచ్చినవి, చర్మము బిగుసుకొని పోయినది. ఆయన పేరే ఆ జబ్బుకు నిలిచిపోయినది.

2009లో వచ్చిన "పా" అను హిందీ చలనచిత్రము చూచినవారికి ప్రొజీరియా అను మాట తెలిసి ఉంటుంది. అది పసివారికి వచ్చే జబ్బు. వైద్యము లేనప్పుడు ఆ బిడ్డలు సాధారణముగా 14, 15 యేండ్లకు మించి బ్రతకరు. వెర్నర్ వ్యాధి వేరు. ఇది పెద్దవారికి వచ్చే అకాల వృద్ధాప్యము. బాల్యము అందరివలెనే గడచిపోతుంది. యుక్తవయస్సులో అందరూ ఒక్కసారిగా ఎత్తు ఎదుగుతారు గదా, ఈ బిడ్డ అక్కడ ఆగిపోతుంది. 20 దాటిన తరువాత తల నెరయుట, జుట్టు రాలుట మొదలగును. గొంతు కీచుగా, బొంగురుగా మారుతుంది. చేతుల, కాళ్ల చర్మము పలుచబడి బిగుసుకొంటుంది. 30కి అటూ ఇటూగా రెండు కండ్లకును శుక్లములు వస్తవి. ఆ పిమ్మట మధుమేహము, మడమల దగ్గర మానని పుండ్లు, రక్తనాళములు గట్టిపడుట, కొందరికి క్యాన్సరు. 40 యేండ్ల మనిషి 70 యేండ్ల మనిషివలె కనిపిస్తుంది.

ప్రపంచములో ఇంతవరకు వైద్యులు నమోదు చేసిన ఈ రోగులలో ఎక్కువమంది జపానువారే. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో కూడ ఇది కొంత ఎక్కువ.

ఒకే పెట్టెలోని రెండు ప్రతులు

జపానులో ఎందుకు ఎక్కువ? జవాబు వింటే మనకు మన ఇండ్లు గుర్తుకు వస్తవి.

పొలము దస్తావేజు రెండు ప్రతులు ఉన్నవనుకొనుడి. ఒకదానికి చెద పట్టినా రెండవది పనికి వస్తుంది. మన శరీరములోని ప్రతి జన్యువు కూడ దాదాపు అట్లే. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి. వెర్నర్ వ్యాధికి కారణమైన జన్యువును 1996లో అమెరికాలోని సియాటిల్ నగర శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది 8వ క్రోమోజోము మీద ఉన్నది. డి.ఎన్.ఏ. అనేది రెండు పేటలు పేనిన తాడు వంటిది. తాడు తెగినప్పుడు ముడి విప్పి, సరిచేసి, మరల పేనే పనివారిలో ఒకనిని ఈ జన్యువు తయారుచేస్తుంది. రెండు ప్రతులును చెడిపోతే ఆ పనివాడు రాడు. మరమ్మతు లేని తాడు త్వరగా శిథిలమగును. అదే అకాల వృద్ధాప్యము.

ఒక్క ప్రతి మాత్రమే చెడినవారికి ఈ వ్యాధి రాదు. తాము ఆ లోపమును మోయుచున్నామని కూడ వారికి తెలియదు. అటువంటి ఇద్దరు పెండ్లాడితే, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదము. జపానులో అనేక తరములకు పూర్వము ఎవరిలోనో కలిగిన ఒకే లోపము వంశములలో వ్యాపించినది. పైగా పూర్వము ఆ దేశములో పినతల్లి, పెదతండ్రి, మేనమామ బిడ్డల మధ్య పెండ్లిండ్లు వాడుకగా జరిగేవి. 1981లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో 42 జపాను కుటుంబములను పరిశీలించి, ఈ వ్యాధి సంక్రమించే తీరును వివరించారు. ఇప్పుడు అక్కడ దగ్గరి బంధువుల పెండ్లిండ్లు బాగా తగ్గిపోయినవి.

మన మేనరికములు అటువంటివే గదా. అవ్వ పెట్టెలోని చెడిన ప్రతి కొడుకు ద్వారా ఒకరికి, కూతురు ద్వారా మరొకరికి చేరి, పెండ్లితో మరల ఒకే ఇంటికి వస్తుంది. మామ మేనకోడలిని చేసికొంటే దారి ఇంకా దగ్గర. ఈ వ్యాధి మన దేశమునకు సంబంధము లేనిదని అనుకొనరాదు. ఇండియా, పాకిస్తాను మూలముగల రోగులలో ఈ జన్యు లోపములను గూర్చి 2013లో శాస్త్రజ్ఞులు ప్రచురించారు.

గర్భము, గడువు

ఇక తల్లుల సంగతి. వెర్నర్ వ్యాధి గల స్త్రీకి బిడ్డలు పుట్టరని చెప్పుట సరికాదు. పుట్టినవారు ఉన్నారు. జబ్బు పేరు తెలియక మునుపే, చిన్న ప్రాయములో ప్రసవించిన తల్లులు ఉన్నారు. కాని వారికి గడువు చిన్నది. అండాశయములోని అండములు మిగతా స్త్రీలకంటె త్వరగా తరిగిపోతవి. ముట్లు త్వరగా ఆగిపోతవి. తోటివారు ఇంకా తీరికగా ఉన్న వయస్సులోనే వీరి తలుపు మూసుకొంటుంది. జబ్బు పేరు బయటపడేది మాత్రము చాలామందికి 30 దాటిన తరువాతనే. పేరు తెలిసేసరికి గడువు అయిపోవుట ఇందులోని పెద్ద దుఃఖము.

గర్భము నిలిచినా జాగ్రత్త ఎక్కువ కావలెను. గర్భస్రావములు మరల మరల కలుగవచ్చును. గర్భసంచి ముఖద్వారము బలహీనమై, నెలలు నిండక మునుపే తెరచుకొని, కాన్పు ముందుగా రావచ్చును. ముందే గమనిస్తే, అవసరమైనవారికి వైద్యులు ఆ ముఖమునకు కుట్టు వేస్తారు. రక్తపోటు పెరిగి, కాళ్లు ముఖము వాచి, నిర్లక్ష్యము చేస్తే గుర్రపు వాతముగా మారే ప్రమాదమున్నది. మధుమేహమును కనిపెట్టి చూడవలెను. రక్తనాళములు గట్టిపడే జబ్బు గనుక గర్భమునకు ముందే గుండెను పరీక్షించుకొనుట మంచిది. కొవ్వుకు, రక్తపోటుకు వాడే కొన్ని మందులు కడుపులోని బిడ్డకు తగవు. వాటిని ముందే డాక్టరుకు చూపి మార్పించుకొనవలెను. ఈ రోగులకు పుండ్లు త్వరగా మానవు గనుక, ఆపరేషను కాన్పు అయితే కుట్ల విషయములో ఎక్కువ శ్రద్ధ కావలెను. ఇవన్నియు పెద్దాసుపత్రిలో, స్త్రీల వైద్యులును మధుమేహ వైద్యులును కలిసి చూడవలసిన కాన్పులు.

మరి బిడ్డ సంగతి ఏమిటి? తల్లి చెడిన ప్రతినే ఇవ్వగలదు, ఆమె దగ్గర మంచిది లేదు. తండ్రి మంచి ప్రతి ఇస్తే బిడ్డకు ఈ వ్యాధి రాదు. రక్తసంబంధము లేని భర్త అయితే సాధారణముగా ఇట్లే జరుగును. కాని భర్త కూడ ఆ లోపమును మోయువాడైతే, ప్రతి బిడ్డకును సగానికి సగము ప్రమాదము. కాబట్టి మేనరికములో భర్త రక్తపరీక్ష చాల ముఖ్యము.

మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగినది. "అమ్మా, ఆ తల్లి బిడ్డ పెండ్లి చూస్తుందా?" ఒకప్పుడు ఈ రోగులు 50 యేండ్లు దాటుట అరుదు. మూలమును మాన్పే మందు ఇప్పటికిని లేదు. అయితే మధుమేహమును, కొవ్వును అదుపులో ఉంచుట, పుండ్లను కాపాడుట, క్యాన్సరును ముందుగా కనిపెట్టుట వలన జపానులో వారి ఆయుష్షు పూర్వముకంటె పెరిగినది. 25వ యేట కన్న బిడ్డ పెండ్లిని చూచే తల్లులు ఉండగలరు. అందుకు జబ్బు పేరు ముందుగా తెలియవలెను.

నేను ఉద్యోగములో ఉన్న రోజులలో ఒక పల్లెలో కంటి శిబిరము జరిగినది. వరుసలో ముసలివారి మధ్య ఒక స్త్రీ నిలిచి ఉన్నది. తల పూర్తిగా నెరసినది. రెండు కండ్లకును శుక్లములు. వయస్సు 28 అని చెప్పినది. వెంట వచ్చిన అత్తగారు నవ్వి, "పెండ్లినాడు కూడ ఇట్లే అబద్ధమాడారమ్మా, వయస్సు దాచి మాకు అంటగట్టారు" అన్నది. రెండు గర్భములు పోయినవట. ఊరిలో ఆమెకు గొడ్రాలు అని పేరు. కండ్లకు ఆపరేషను జరిగినది, చూపు వచ్చినది, ఆమె ఇంటికి పోయినది. నెరసిన తలను, శుక్లములను, పోయిన గర్భములను ఒకచోట చేర్చి చదివేవారు ఆ శిబిరములో ఎవరును లేరు.

రైలులో నాలుగు బొమ్మలు

తిరుగు ప్రయాణములో రైలు పెట్టె చివర కొన్ని సీట్లు ప్రత్యేకముగా కనిపించినవి. పైన అద్దము మీద బొమ్మలు ఉన్నవి. ముసలివారు, గాయపడినవారు, చంటిబిడ్డతో ఉన్నవారు, గర్భిణులు. 1973లో టోక్యోలో వృద్ధుల కొరకు ఇటువంటి సీట్లు మొదలుపెట్టి, తరువాత మిగిలినవారికిని విస్తరింపజేశారు. ఆ బొమ్మలు చూచి నేను ఆలోచనలో పడ్డాను. వెర్నర్ వ్యాధి గల స్త్రీ గర్భవతి అయితే ఏ బొమ్మ క్రింద కూర్చుండును? ముసలి బొమ్మ, చూలాలి బొమ్మ రెండును ఆమెవే. ఆమెను చూచి లేచినవారు అవ్వ అనుకొని లేస్తారే గాని, తల్లి కాబోవుచున్నదని ఎవరికి తోచును?

ఎదుటి వరుసలో ఒక అమ్మాయి సంచికి గులాబిరంగు బిళ్ల వేలాడుచున్నది. అందులో తల్లీబిడ్డల బొమ్మ. కడుపు ఇంకా పైకి తెలియని గర్భిణుల కొరకు 2006లో అక్కడి ప్రభుత్వము ఈ గుర్తును నిర్ణయించినది. మరికొందరి సంచులకు ఎఱ్ఱని చీటీ ఉంటుంది. దానిమీద తెల్లని కూడిక గుర్తు, హృదయపు గుర్తు. పైకి కనిపించని జబ్బు గలవారికి సహాయము కావలెనని దాని అర్థము. 2012లో టోక్యోలో మొదలైనది. నోరు తెరచి అడుగలేనివారి పక్షముగా ఆ చిన్న బిళ్ల అడుగుతుంది.

గర్భవతి అయినట్లు ఊరి కార్యాలయములో తెలియజేస్తే జపానులో తల్లికి ఒక చిన్న పుస్తకము ఇస్తారు. 1942లో గర్భిణుల పుస్తకముగా మొదలై, 1948 నుండి తల్లీబిడ్డల పుస్తకమైనది. బరువు, రక్తపోటు, మూత్ర పరీక్ష, కాన్పు, టీకాలు, బిడ్డ ఎదుగుదల అన్నియు అందులో వ్రాస్తారు. పుస్తకము తల్లి చేతిలోనే ఉంటుంది. మన పల్లెలలో ఏ.ఎన్.ఎం. అమ్మ, అంగన్‌వాడీ టీచరు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు అటువంటిదే. మనలో అనేకులము దానిని బియ్యపు డబ్బా వెనుక పెట్టి మరచిపోవుదుము.

వెర్నర్ వ్యాధిని కూడ 2015లో జపాను ప్రభుత్వము కష్టసాధ్యమైన జబ్బుల జాబితాలో చేర్చినది. ఆ గుర్తింపు పొందిన రోగి వైద్య ఖర్చులో తాను చెల్లించే వంతు తగ్గుతుంది, నెలకు ఇంతకు మించరాదని పరిమితి కూడ ఉన్నది.

పుట్టని బిడ్డల జ్ఞాపకము

మరునాడు టోక్యో టవరు చూడబోయినప్పుడు ప్రక్కనే జోజోజి అను పెద్ద బౌద్ధ ఆలయము ఉన్నది. దాని ఆవరణలో బిడ్డల ముఖములుగల రాతి బొమ్మలు వందలకొలది వరుసలు తీరి ఉన్నవి. ప్రతి బొమ్మకును ఎఱ్ఱని ఊలు టోపీ. ప్రక్కన రంగుల గాలిమరలు. గాలి వీచినప్పుడు అవన్నియు ఒక్కసారిగా గిరగిర తిరుగును. గర్భములో పోయిన బిడ్డల జ్ఞాపకార్థము కూడ తలిదండ్రులు ఈ బొమ్మలు నిలుపుతారు. వారి మార్గము వేరు, మన విశ్వాసము వేరు. అయినను అక్కడ ఒక టోపీని సరిచేయుచున్న స్త్రీని చూచి నా కండ్లు చెమర్చినవి. మన ఇండ్లలో పోయిన గర్భమును గూర్చి ఎవరు మాటలాడుదురు? మూడవ రోజున ఆమె నాట్లకు పోతుంది. నాలుగవ సారి పోతే గొడ్రాలు అంటారు. ఎందుకు పోయినదని అడిగేవారు తక్కువ.

ప్రియ పాఠకులారా, ఇంత అరుదైన జబ్బు గూర్చి ఇంత వ్రాయుట ఎందుకని మీరు అడుగవచ్చును. మీ సంఘములో ఈ జబ్బు గలవారు ఒక్కరును లేకపోవచ్చును. నెరసిన వెండ్రుకలన్నియు వెర్నర్ వ్యాధి కాదు. పోయిన గర్భములన్నియు కాదు. చిన్న వయస్సులో తల నెరయుట అనేక కుటుంబములలో మామూలు సంగతి. కాని ఈ గుర్తులు ఒకే మనిషిలో కూడి వస్తే ఊరకుండరాదు. ఎదుగుదల ఆగిన పొట్టితనము, 20లలో నెరసిన తల, కీచు గొంతు, 30 ప్రాంతమున రెండు కండ్లకును శుక్లములు, మడమమీద మానని పుండు, త్వరగా ఆగిన ముట్లు. మడమ పుండును చూచి కుష్ఠు అనుకొని ఆమెను దూరము పెట్టవద్దు. ఇది అంటువ్యాధి కాదు.

మొదట జిల్లా ఆసుపత్రి డాక్టరుకు ఈ గుర్తులన్నియు కలిపి చెప్పండి. ఒక్కొక్కటిగా ఒక్కొక్క డాక్టరుకు చెప్పితే ఎవరికిని పూర్తి చిత్రము అందదు. జన్యు సలహా ఇచ్చే విభాగములు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోను, మనవారికి చిరపరిచితమైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను ఉన్నవి. పెండ్లి మాటలు జరుగుచున్న ఇంటిలో ఇటువంటి రోగి గాని, కారణము తెలియక పోయిన బిడ్డలు గాని ఉంటే, మేనరికము నిశ్చయించక ముందే ఆ సలహా తీసుకొనుడి. గర్భవతి అయితే మూడవ నెలలోనే పెద్దాసుపత్రిలో పేరు వ్రాయించుడి, కార్డును వెంట తీసుకొని వెళ్లుడి.

అత్తలుగా, ఆడపడుచులుగా, తోడికోడండ్రుగా ఉన్న మనము చేయవలసినది మరొకటి ఉన్నది. తల నెరసిన కోడలు వయస్సు దాచినదని చెప్పుటకు ముందు, ఆమె ప్రక్కన కూర్చుండి ఆమె కండ్లు ఎట్లు కనిపించుచున్నవో, ముట్లు ఎట్లు వచ్చుచున్నవో, పోయిన బిడ్డలు ఎన్నవ నెలలో పోయిరో మెల్లగా అడుగుడి. ఆమె చెప్పినది ఒక కాగితముమీద వ్రాసి పెట్టుడి. డాక్టరు దగ్గరకు వెళ్లే రోజున ఆ కాగితముతో పాటు మీరును వెళ్లుడి.